సగం వార్తకి గొర్రెపిల్ల

మే పదిహేనో తేదీ తెల్లారేసరికి ఊళ్ళో టీవీలన్నీ గుడ్డివైపోతాయట.

ఈ మాట కొట్టు నడిపే జుమాగుల్ అత్త అందట. ఆవిడకి పాలవ్యాను డ్రైవరు చెప్పాడట. డ్రైవరుకి ఎవరు చెప్పారో ఆవిడ అడగలేదట. అడగబోతుంటే ఎవరో ఉప్పు కావాలని వచ్చారట. మధ్యాహ్నం గంట కొట్టాక, స్కూలు గోడ మీద కూర్చుని, రొట్టె నములుతూ తిలెక్ ఈ సంగతంతా కుందుజ్ చెవిన వేశాడు.

"గుడ్డివైపోవడమేంట్రా? టీవీకి కళ్ళుంటాయా?" అంది కుందుజ్.

"పాత పద్ధతి ఆపేస్తారంట. ఇక అంతా డిజిటల్ అంట. ఒక బాక్సు కొని టీవీకి తగిలించుకోవాలి. లేకపోతే తెర మీద చీమలే చీమలు."

"బాక్సు ఎంతంట?"

తిలెక్ రొట్టె ముక్క మింగాడు. "తంటాలన్నీ కలిపి ఓ గొర్రెపిల్లంత అవుతుందంట."

కుందుజ్ చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది.

జూన్ ఒకటిన, పిల్లల పండగ రోజు, వాళ్ళ నాలుగో తరగతి టీవీలో కనబడబోతోంది. పదకొండు మంది పిల్లలు, ఒక అవ్వ. ఏప్రిల్‌లో నరీన్ పట్నం నుంచి కెమెరావాళ్ళు వచ్చారు. మంచు కరిగిన బురదలోనే అందరినీ వరసగా నిలబెట్టి, మోర్సింగ్ వాయించమని వీడియో తీసుకుపోయారు. ఇనప మోర్సింగ్‌ని పళ్ళకి ఆనించుకుని, వేలితో మీటుతూ, వాగు పారినట్టూ గుర్రం దౌడు తీసినట్టూ వాయించడం వాళ్ళకి నేర్పింది ఉల్జాన్ అవ్వే.

అవ్వకి డెబ్బై రెండేళ్ళు. అరచేతి అద్దంలో తప్ప తన మొహం ఎక్కడా చూసుకుని ఎరగదు. కెమెరావాళ్ళు వెళ్ళిపోగానే ఆవిడ అడిగిన మొదటి మాట, "అందులో నేనూ పడ్డానా?" అని. ఆ రోజు నుంచీ కనబడ్డ పిల్లనల్లా పట్టుకుని, జూన్ ఒకటికి ఇంకా ఎన్ని రోజులుందో అడుగుతూనే ఉంది.

"అవ్వ దగ్గర బాక్సు లేదు కదరా!" అంది కుందుజ్.

"ఎవరి దగ్గరుంది? మీ ఇంట్లో ఉందా? మా ఇంట్లో ఉందా?"

అంతలో టీచరక్క కిటికీలోంచి తల బయటపెట్టింది. "కుందుజ్! ఈ కాగితం ఊరి ఆఫీసులో ఎసెన్‌కి ఇచ్చి రా. పరిగెత్తకు!"

పరిగెత్తకు అని కుందుజ్‌కి చెప్పడం, పారకు అని వాగుకి చెప్పడం లాంటిదే.

ఎసెన్ ఊరి ఆఫీసులో గుమాస్తా. ఊళ్ళో పిల్లలందరికీ ఏదో ఒక వరసలో మావయ్యే అవుతాడు. కుందుజ్ వెళ్ళేసరికి ఆయన కిటికీ గట్టెక్కి నిలబడి ఫోన్లో అరుస్తున్నాడు. ఆ గట్టు మీద తప్ప ఆ గదిలో సిగ్నల్ అందదు.

"ఆఁ, వినబడుతోంది! టీవీ బాక్సులా? మా ఊరికా? ఉచితంగానా? రేపు వ్యానులోనా? మంచిది మంచిది!"

కుందుజ్ కాగితం బల్ల మీద పడేసింది. "ఆఁ, చెప్పండి, రాసుకుంటున్నా..." అని ఎసెన్ మావయ్య ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. అప్పటికే ఆమె గేటు దాటేసింది.

మరి ఆగితే ఎలా? కిర్గిజ్ పల్లెల్లో శుభవార్త ఊరికే ఇవ్వరు. దాన్ని ముందుగా మోసుకొచ్చినవాళ్ళు గుమ్మంలోంచే "సుయుంచు!" అని అరుస్తారు. మంచి మాట తెచ్చాను, నాకేమిస్తావు అని దానర్థం. ఇంట్లోవాళ్ళు ఏదో ఒకటి చేతిలో పెట్టి తీరాలి. రెండోసారి వచ్చినవాడికి "మాకు తెలుసులే" అన్న మాట తప్ప ఏమీ దక్కదు. అందుకే అక్కడి పిల్లలకి కాళ్ళు చురుకు.

మొదట కొట్టు.

"సుయుంచు అత్తా! సుయుంచు!"

"ఏమైందే? మీ ఆవు ఈనిందా?" అంది జుమాగుల్ అత్త.

"టీవీ బాక్సులు ఉచితం! రేపే వ్యానులో వస్తున్నాయి!"

జుమాగుల్ అత్త రెండు చేతులూ చరిచింది. "నా తల్లే! బాక్సు, బాక్సు అని మా ఆయన రెండ్రోజుల్నుంచి నా ప్రాణం తోడేస్తున్నాడు!" డబ్బాలోంచి రెండు చాక్లెట్లు తీసింది. ఒక క్షణం ఆలోచించి మూడోది కూడా ఇచ్చింది. ఆవిడ చేతిలోంచి మూడోది రావడం అంతవరకూ ఊళ్ళో ఎవరూ చూడలేదు.

పక్కింట్లో గుప్పెడు ఎండు పెరుగుండలు. ఆ పక్కింట్లో కొత్త కోడలు తన తలలోంచి ఎర్రరాయి పిన్ను తీసి కుందుజ్ జడకే పెట్టేసింది. ఆ ఇంటి ముసలాయన నవ్వుతూ ఇరవై సోమ్‌ల నోటు ఇచ్చాడు. కుందుజ్ జేబులు ఉబ్బిపోయాయి. గుండె కూడా.

వెనకనుంచి సైకిలు చప్పుడు. తిలెక్!

"ఆగవే! ఆ వార్త... ఒక్క మాట విను!"

"పోరా! నీ వార్త నువ్వే వెతుక్కో!"

వంతెన దగ్గర తిలెక్ సైకిలు గొలుసు ఊడింది. కుందుజ్ పగలబడి నవ్వుతూ ఊరి చివరికి పరిగెత్తింది.

ఉల్జాన్ అవ్వ పెరట్లో పీట మీద కూర్చుని ఒక గొర్రెపిల్లకి ఉన్ని దువ్వుతోంది. గోధుమరంగు పిల్ల. గుండ్రంగా, నూనెలో పొంగిన బొర్సోక్ పిండిబిళ్ళలా ఉంది. అవ్వ కొడుకు మందని తోలుకుని అప్పటికే పైకొండ మేతకి వెళ్ళిపోయాడు. గొర్రెల్లో ఈ ఒక్క పిల్లనే ఇంటి దగ్గర కట్టేసి ఉంచారు.

"సుయుంచు అవ్వా!"

"ముందు ఊపిరి పీల్చుకోవే. ఏం కొంప మునిగింది?"

"మునగలేదు, తేలింది! టీవీ బాక్సులు ఉచితం! రేపు ఆఫీసుకి వస్తున్నాయి!"

అవ్వ చేతిలో దువ్వెన ఆగింది. "ఎవరన్నారు?"

"ఎసెన్ మావయ్య! ఫోన్లో! నా చెవులారా విన్నా!"

"మొత్తం విన్నావా?"

కుందుజ్ ఒక్క రెప్పపాటు తటపటాయించింది. "విన్నా!" అంది.

అవ్వ గొర్రెపిల్ల వంక చూసింది. "అయితే నిన్ను ఆదివారం సంతకి తోలే పని లేదన్నమాట. బాక్సు కోసం అమ్మేద్దామని దువ్వుతున్నానే దీన్ని. రాత్రంతా నిద్రపట్టలేదు, ఇది పోయినా బాక్సుకి చాలుతుందో చాలదో అని." ఆవిడ మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది. మేకుకున్న తాడు విప్పింది. తెచ్చి కుందుజ్ చేతిలో పెట్టింది.

"తీసుకో. నీ సుయుంచు."

"గొర్రెపిల్లా? నాకా?"

"చాక్లెట్టు ఇచ్చి పంపే చెయ్యి కాదే నాది. నన్ను నేను టీవీలో చూసుకోబోతున్నా. చిన్న మాటా అది?"

కుందుజ్ ఇల్లు చేరేసరికి ఊళ్ళో సగం మంది పిల్లలు వెనకే ఉన్నారు. అమ్మ ముందు కంగారుపడింది. చేతులు తుడుచుకుని, కనుక్కుందామని అవ్వ ఇంటికి వెళ్ళింది. "ఇచ్చేశానన్నానుగా!" అని అవ్వ, అమ్మ మొహాన్నే తలుపు వేసిందట. అమ్మ నవ్వుతూ తిరిగొచ్చింది.

నాన్న టీ డబ్బాలో బాక్సు కోసం దాచిన నోట్లు తీసి చూసుకున్నాడు. "ఉచితమైతే ఇంకేం, ట్రాక్టరు బెల్టు తెగేలా ఉంది," అని మర్నాడు పొద్దున్నే వెళ్ళి బెల్టు కొనేశాడు.

కుందుజ్ గొర్రెపిల్లకి బొర్సోక్ అనే పేరు పెట్టింది. పిలిస్తే అది తల తిప్పి చూసింది కూడా. గడ్డి కోసమేలెండి. కానీ కుందుజ్ ఒప్పుకోలేదు. పేరు గుర్తుపట్టిందనే ఊరంతా చెప్పింది.

శుక్రవారం మధ్యాహ్నం వ్యాను వచ్చింది.

ఆఫీసు ముందు జాతరలా ఉంది. సంచులు తెచ్చినవాళ్ళు, గాడిదబండి కట్టుకొచ్చినవాళ్ళు, ఊరికే చూడ్డానికి వచ్చినవాళ్ళు. వరసలో ఉల్జాన్ అవ్వ కూడా ఉంది. ఇస్త్రీ చేసిన తెల్ల తలగుడ్డ కట్టుకుంది. చేతిలో పూల గుడ్డసంచి. కుందుజ్‌ని చూసి కన్నుగీటింది.

డ్రైవరు వ్యాను తలుపు తీశాడు. లోపల ఆరు బాక్సులున్నాయి.

ఎసెన్ మావయ్య కాగితం విప్పాడు. "ఈ ఆరూ, నెలనెలా సాయం అందుకునే ఆరు కుటుంబాలకి. పేర్లు చదువుతా. మిగతావాళ్ళు ఆదివారం సంతలో కొనుక్కోవాలి."

"అదేంటి? అందరికీ ఉచితమన్నారుగా!" అని ఎవరో అరిచారు.

"ఎవరన్నారు?" అన్నాడు ఎసెన్ మావయ్య బిత్తరపోయి.

ఊరి తలకాయలన్నీ పొద్దుతిరుగుడు పువ్వుల్లా కుందుజ్ వైపు తిరిగాయి.

"నా మూడు చాక్లెట్లు!" అంది జుమాగుల్ అత్త.

"చాక్లెట్లు పోతే పోయాయి. దీని మాట నమ్మి బాక్సు డబ్బుతో నేను టైరు కొనేశాను!" అన్నాడు ఆవిడ మొగుడు.

నాన్న బెల్టు సంగతి ఎవరికీ తెలియకుండా మెల్లగా వెనక్కి జరిగాడు.

ఎసెన్ మావయ్య ఆరు పేర్లూ చదివాడు. ఉల్జాన్ అవ్వ చివరి పేరు దాకా నిలబడింది. ఆ తరవాత పూలసంచిని నాలుగు మడతలు పెట్టింది. చంకలో పెట్టుకుంది. కుందుజ్ పక్కనుంచి వెళ్తూ ఆగింది.

తిడుతుందనుకుని కుందుజ్ తల వంచుకుంది.

"ఇంటికి పో తల్లీ, గాలి చల్లగా ఉంది," అంది అవ్వ. అని వెళ్ళిపోయింది.

తిట్టి ఉంటే ఎంత బాగుండేది!

ఇంటికి రాగానే కుందుజ్ తాడు చేతిలోకి తీసుకుంది. "బొర్సోక్‌ని తిరిగిచ్చేసి వస్తానమ్మా."

"తీసుకోదే," అంది అమ్మ రొట్టెల పిండి పిసుకుతూ. "ఇచ్చిన సుయుంచు వెనక్కి తీసుకుంటే ఆ గడపలోకి మంచి మాట మళ్ళీ రాదంటారు. నువ్వు దీన్ని తోలుకెళ్ళావో, ఆవిడ మొహాన కొట్టినట్టే అవుతుంది."

"మరి నేనేం చెయ్యాలి?"

నాన్న ట్రాక్టరు కిందనుంచి తల బయటపెట్టాడు. "నేను ఆదివారం సంతకి వెళ్తున్నా. బండిలో చోటుంది," అన్నాడు. మళ్ళీ తల లోపలికి పెట్టేసుకున్నాడు.

శనివారం పొద్దున్నే కుందుజ్ నోటుపుస్తకం పట్టుకుని ఊరి ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. ఎసెన్ మావయ్య తాళం తీస్తూ ఉలిక్కిపడ్డాడు.

"మళ్ళీ ఏం వినడానికొచ్చావే?"

"ఆ కాగితం మొత్తం చదవండి మావయ్యా. మొన్న సగమే విన్నా."

ఆయన గొణుక్కుంటూ చదివాడు. కుందుజ్ నాలుక బయటపెట్టి రాసుకుంది. పాత టీవీలకి బాక్సు ఒక్కటే చాలదు. వెనక మూడు రంగుల రంధ్రాలు లేకపోతే ఇంకో చిన్న డబ్బా కూడా కావాలి. యాంటెనా వాగు అవతల కొండ మీది టవరు వైపు తిప్పాలి. బాక్సుకి రసీదు అడిగి తీసుకోవాలి. చెడిపోతే ఏడాది లోపు మార్చి ఇస్తారు.

"ఇంకా ఉందా?"

"లేదు."

"చివర్న ఏదో ఉంది కదా?"

"చివర్న సంతకం ఉందే తల్లీ! అదీ చదవనా?"

"చదవండి."

ఆయన చదివాడు. కుందుజ్ అదీ రాసుకుంది.

వంతెన దగ్గర తిలెక్ ఎదురయ్యాడు. సైకిలు గొలుసు బాగయింది. "గురువారం నీ వెనకే నేనూ ఆఫీసుకెళ్ళా. ఆరిళ్ళకే అని మావయ్య నాకు చెప్పాడు. నీకు చెప్దామనే సైకిలేసుకొచ్చా. నీ వార్త నువ్వే వెతుక్కోమన్నావు కదా," అన్నాడు.

కుందుజ్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఇప్పుడెక్కడికి?"

"ఇంటింటికీ. నేను చెప్పింది తప్పని చెప్పడానికి."

"దానికేమిస్తారే?"

"ఏమీ ఇవ్వరు."

"మరెందుకు తిరగడం?"

"పదిహేను ఎల్లుండి రా! సంత రేపే! ఇవాళ తెలియకపోతే వాళ్ళు సంతకి వెళ్ళరు కదా!"

తిలెక్ బుర్ర గోక్కున్నాడు. "సరే, ఎక్కు," అని సైకిలు వెనక చూపించాడు.

జుమాగుల్ అత్త వాళ్ళని చూడగానే చాక్లెట్ల డబ్బా మీద చెయ్యి వేసింది. "వచ్చిందమ్మా సుయుంచు రాణి! ఈసారేంటి, ఇంటికో విమానం ఇస్తున్నారా?"

"లేదత్తా. మొన్న నేను సగం విని పరిగెత్తుకొచ్చా. ఉచితం ఆరిళ్ళకే. మీరు కొనుక్కోవాలి. మీ టీవీ వెనక ఎరుపు, తెలుపు, పసుపు రంధ్రాలున్నాయా?"

"నా టీవీ వెనక సాలెగూడుంది."

ముగ్గురూ కలిసి టీవీని తిప్పారు. నిజంగానే సాలెగూడు. దాని వెనక మూడు రంధ్రాలూ ఉన్నాయి. కుందుజ్ పుస్తకంలో టిక్కు పెట్టింది. "మీకు బాక్సు ఒక్కటి చాలు. ఇంకో డబ్బా ఎవరైనా అంటగడితే కొనకండి."

జుమాగుల్ అత్త మూతి తిప్పుకుంది. కానీ వాళ్ళు గుమ్మం దాటాక వెనకనుంచి కేక వేసింది. "రసీదు అన్నావు కదా, ఆ సంగతి మళ్ళీ చెప్పు!"

అన్ని ఇళ్ళూ అలా లేవు. ఒక ఇంట్లో తలుపు తియ్యలేదు. ఇంకో ఇంట్లో ఒక తాత అరగంట సేపు తిట్టాడు. ముందు కుందుజ్‌ని, తరవాత బాక్సుని, ఆ తరవాత రోడ్లని. కుందుజ్ చివరిదాకా విన్నది. ఆ తరవాత ఆయన టీవీ వెనక చూసింది. సాయంత్రానికి పంతొమ్మిది ఇళ్ళు అయ్యాయి. నలుగురు కలిసి సంతకి ఒకే కారు మాట్లాడుకున్నారు. డబ్బు చాలని రెండు ఇళ్ళవాళ్ళు, పక్కింటివాళ్ళు కొంటే అక్కడికే వెళ్ళి చూస్తామన్నారు.

ఆఖరిది ఉల్జాన్ అవ్వ ఇల్లు.

"టీవీ వెనక ఓసారి చూస్తానవ్వా."

"ఏం చూస్తావే? దానికి వెనకా ముందూ ఒకటే ఇప్పుడు. సోమవారం నుంచి దాని మీద పూలకుండీ పెడతా."

పెట్టె లాంటి పాత టీవీ. వెనక ఒకే ఒక్క రంధ్రం. చిన్న డబ్బా కూడా కావాల్సిందే. కుందుజ్ రాసుకుంది. ఎందుకో చెప్పలేదు.

ఆదివారం పశువుల సంతలో మనుషుల కంటే గొర్రెలే ఎక్కువ అరుస్తున్నాయి. నాన్న తాడు కుందుజ్ చేతికిచ్చాడు. "పిల్ల నీది. బేరం నువ్వే ఆడు."

ఉన్ని టోపీ పెట్టుకున్న లావుపాటి మనిషి వచ్చి కుందుజ్ చెయ్యి పట్టుకున్నాడు. అక్కడ బేరమంటే చేతులు కలిపి ఊపడమే. ధర కుదిరేదాకా వదలరు.

"పిల్ల బావుందే. లోపమేమైనా ఉందా?"

"ఎడమ వెనక కాలు కొంచెం ఈడుస్తుంది. కొండ దిగేటప్పుడే. తెల్లారకముందే అరుస్తుంది. పుల్లలు నములుతుంది. మా అమ్మ ఓవర్‌కోటు గుండీ కూడా నమిలేసింది," అంది కుందుజ్ గుక్కతిప్పుకోకుండా.

నాన్న కళ్ళు మూసుకున్నాడు.

లావుపాటాయన చెయ్యి ఊపడం ఆపేసి, పొట్ట కదిలేలా నవ్వాడు. "ముప్ఫయ్యేళ్ళ నుంచి ఈ సంతకొస్తున్నా. లోపాలు వరసపెట్టి చెప్పి అమ్మినవాళ్ళని చూడలేదు! ఇంకా ఏమైనా ఉందా?"

"దాని పేరు బొర్సోక్. పిలిస్తే చూస్తుంది," అంది కుందుజ్.

ఆయన మంచి ధరే ఇచ్చాడు. కుందుజ్ బొర్సోక్ చెవి దగ్గర ఒకసారి మొహం పెట్టి, తాడు వదిలేసింది. ఆ తరవాత వెనక్కి తిరిగి చూడలేదు. ఆ డబ్బుతో అవ్వకి బాక్సు, చిన్న డబ్బా, యాంటెనా, తీగ. మిగిలిన డబ్బు తీసుకుని నాన్న దానికి తన జేబులోది కొంచెం కలిపాడు. వాళ్ళింటికీ ఒక బాక్సు వచ్చింది. ఆ సాయంత్రం కుందుజ్ వాళ్ళింట్లో చక్కెర లేకుండానే టీ తాగారు.

ఉల్జాన్ అవ్వ గుమ్మంలో నిలబడి అట్టపెట్టెను చూసింది. మొహం గట్టిపడింది.

"ఇచ్చింది వెనక్కి తీసుకునే గడప కాదే ఇది. పట్టుకుపో."

"వెనక్కి కాదవ్వా," అంది కుందుజ్. పెట్టె బరువుకి చేతులు లాగేస్తున్నాయి. "నువ్వు వార్తకి గొర్రెపిల్లనిచ్చావు. నేను తెచ్చింది సగం వార్తే. మిగతా సగం ఇది."

అవ్వ ఆమెని కిందనుంచి పైదాకా చూసింది.

"నోరు చూడు దీనికి! లోపలికి రా, చేతులు ఊడిపోతాయి!"

అరగంటలో ఆ ఇల్లు సంత కంటే సందడిగా మారింది. తిలెక్ కప్పు మీదకెక్కి యాంటెనా పట్టుకున్నాడు. కుందుజ్ కిటికీలోంచి అరుస్తోంది.

"ఎడమకి! ఎడమకిరా!"

"నా ఎడమా, నీ ఎడమా?"

"వాగు వైపు! టవరు కనబడట్లేదా?"

"నాకు అవ్వ మేక కనబడుతోంది! కప్పెక్కొచ్చి నా బూటు నాకుతోంది!"

"మేకని వదిలెయ్యరా!"

తెర మీద చీమలు. నల్లటి తెర. మళ్ళీ చీమలు. ఉన్నట్టుండి గదంతా నీలం వెలుగు. గుర్రాల మంద ఒకటి తెర ఈ చివర నుంచి ఆ చివరకి దూసుకుపోయింది. ఒక్కొక్క గుర్రం జూలూ విడివిడిగా కనబడింది. గదిలో కేకలకి అవ్వ కోళ్ళు పెరట్లోంచి లేచిపోయాయి.

"అమ్మో, గుర్రం కంట్లో ఈగ కూడా కనబడుతోందే!" అంది అవ్వ.

జూన్ ఒకటిన ఆ గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. నాలుగో తరగతి మొత్తం నేల మీద పరిచిన పరుపుల మీద ఇరుక్కుని కూర్చుంది. గోడల వెంట పెద్దవాళ్ళు. మధ్యలో గుడ్డ మీద బొర్సోక్ బిళ్ళల కుప్ప. కుందుజ్ మాత్రం వాటిని ముట్టుకోలేదు. రొట్టె తింది.

"వస్తోంది! వస్తోంది!"

తెర మీద బురద. బురదలో పదకొండు జతల బూట్లు. పైన పదకొండు మొహాలు. మోర్సింగులు ఒక్కసారి మోగాయి. గదిలో ఉన్నవాళ్ళు తమని తాము వేలితో చూపించుకుంటూ గోల చేశారు. అప్పుడు కెమెరా మెల్లగా పక్కకి జరిగింది. తెర నిండా ఉల్జాన్ అవ్వ మొహం.

తెర మీద అవ్వ వాగులా వాయించింది, గుర్రంలా వాయించింది. గదిలో అవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. ముడతలన్నీ కనబడ్డాయి. వెనక మంచుకొండ కూడా కనబడింది.

"తలగుడ్డ వంకరగా కట్టుకున్నా. ఒక్కరైనా చెప్పొచ్చు కదే!" అంది చివరికి. అందరూ విరగబడి నవ్వారు. అవ్వ కళ్ళు తుడుచుకుంది. నవ్వినందుకే అంది.

పాట అయిపోయింది. గోడకి ఆనుకుని కూర్చున్న ఎసెన్ మావయ్య టీ గిన్నె కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"ఇంకో మంచి కబురు చెప్పనా? వచ్చే నెల నుంచి ఇంకో ఇరవై ఛానెళ్ళు వస్తాయంట. ఉచితంగా!"

తిలెక్ అప్పటికే గుమ్మంలో ఒక బూటు వేసేసుకున్నాడు.

కుందుజ్ వాడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. "కూర్చో. ఇంకా అవలేదు."

"అయిపోయిందే! ఉచితమన్నాడుగా!"

కుందుజ్ ఎసెన్ మావయ్య వైపు తిరిగింది. "అందరికీనా మావయ్యా?"

"అందరికీ."

"ఎన్నాళ్ళు?"

ఎసెన్ మావయ్య దగ్గాడు. "అంటే... మొదటి మూడు నెలలు. ఆ తరవాత నెలనెలా కొంచెం కట్టాలి. కొంచెమే."

తిలెక్ బూటు విప్పేశాడు.

ఉల్జాన్ అవ్వ ఎసెన్ మావయ్య గిన్నెలో టీ పోస్తూ ఆయన మొహంలోకి చూసింది.

"మరి ఉచితమని ఎందుకన్నావురా?"